మిద్దెమీద చిన్న గది

ఆదివారం ఉదయం ఆరాధనకు ముందు గౌలిగూడ చమన్ నుంచి అఫ్జల్‌గంజ్ వైపు నడిచి వెళ్లడం మాకు చాలాకాలంగా అలవాటు. ఆ వేళకు దుకాణాల షట్టర్లు ఇంకా లేవవు. తోపుడుబండ్ల గోల ఉండదు. అప్పుడు తలెత్తి చూస్తే, మిగతా రోజుల్లో కంటపడని ఊరొకటి పైన కనబడుతుంది. కింద దుకాణం, పైన మూసిన కిటికీలు. కొయ్య మెట్ల మొదట్లో తుప్పుపట్టిన తాళం. గోడ పగులులో వేళ్లూనిన రావిమొక్క. అన్నదమ్ముల వాటాలు తేలక ఒక ఇల్లు మూతపడింది. పిల్లలు అమెరికా వెళ్లిపోయి మరొకటి మూతపడింది. ‘కిరాయికిస్తే మళ్లీ ఖాళీ చేయరు’ అన్న భయంతో ఇంకొకటి మూతపడే ఉంది.

ఇంకో పది నిమిషాలు నడిస్తే ఉస్మానియా ఆసుపత్రి. ఏ జిల్లా నుంచో రోగిని తీసుకొచ్చినవాళ్లు ప్రహరీ పక్కన, ఫుట్‌పాత్ మీద దుప్పటి పరచుకొని పడుకొని ఉంటారు. తల కింద దిండు ఉండదు, రిపోర్టులున్న ప్లాస్టిక్ సంచి ఉంటుంది. వెనక్కి తిరిగి కోఠి వైపు వస్తే గదికి ఆరుగురు చొప్పున సర్దుకుపోతున్న చదువుకునే పిల్లలు, బట్టల కొట్లలో రోజంతా నిలబడి పనిచేసే అమ్మాయిలు.

మనుషులు లేని ఇళ్లకూ ఇళ్లు లేని మనుషులకూ నడుమ పది నిమిషాల దూరం. ఆ దూరం దాటి చర్చికి వెళ్లి, పరలోకంలో మన కోసం సిద్ధపరచిన నివాసాల గురించి పాడుతున్నాం. ఈ సంగతి మమ్మల్ని కొన్నేళ్లుగా నిద్రపోనివ్వడం లేదు. అందుకే ఈ వారం దాన్ని పాఠకుల ముందు పెడుతున్నాం.

యెషయా చూసిన ఖాళీ ఇళ్లు

ఖాళీ ఇల్లు కొత్త సమస్య కాదు. క్రీస్తుకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందే యెషయా ప్రవక్త దాన్ని చూశాడు. ఇంటికి ఇల్లు, చేనికి చేను కలుపుకొంటూ పోయి, చివరకు దేశంలో తామొక్కరే మిగిలేంతగా ఆక్రమించుకునేవారికి శ్రమ అని 5వ అధ్యాయం 8వ వచనంలో హెచ్చరించాడు. ఆ మాట మనకు బాగా గుర్తు. దాని పక్క వచనం మీద ప్రసంగాలు తక్కువ. గొప్పవీ అందమైనవీ అయిన ఇళ్లు నివాసులు లేక పాడుబడతాయని 9వ వచనం చెబుతోంది. ఇల్లు ఎక్కువైనచోట మనిషి కరువవుతాడు. ఇది దేవుడు పైనుంచి విసిరిన శిక్ష మాత్రమే కాదు, కూడబెట్టుకోవడంలోనే దాగివున్న ఫలితం కూడా.

మన దేశపు లెక్కలు చూస్తే ప్రవక్త నిన్ననే పలికినట్టు ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఒక్క పట్టణాల్లోనే సుమారు 1 కోటి 11 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. మరుసటి ఏడాది, 2012లో, కేంద్రం నియమించిన నిపుణుల బృందం పట్టణాల్లో సుమారు 1 కోటి 88 లక్షల ఇళ్లు కొరవడ్డాయని తేల్చింది. ఆ కొరతలో నూటికి 95 వంతులకు పైగా పేదలదీ, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లదే. అందులో బొత్తిగా గూడు లేనివాళ్ల కుటుంబాలు 5 లక్షల పైచిలుకే. దాదాపు కోటిన్నర కుటుంబాలది ఇరుకు బాధ. ఒకే గదిలో అత్తామామలు, కొత్త దంపతులు, ఎదిగిన పిల్లలు. అంటే మన ఎదుట ఉన్న పేదవాడు ఎక్కువగా రోడ్డుమీద కనబడడు. ఇరుకు గదిలో, మన కంటికి ఆనకుండా ఉంటాడు.

ప్రభుత్వాలూ ఈ సంగతి గమనించాయి. 2020లో కరోనా వచ్చి వలస కూలీలు కాలినడకన ఊళ్లకు వెళ్లిపోయాక, అదే ఏడాది జూలైలో కేంద్ర మంత్రివర్గం ఒక పథకాన్ని ఆమోదించింది. ప్రభుత్వ డబ్బుతో కట్టి ఖాళీగా పడివున్న లక్షకు పైగా ఇళ్లను బాగుచేసి పట్టణ పేదలకు, వలస వచ్చినవాళ్లకు తక్కువ అద్దెకివ్వాలన్నది అందులో ఒక భాగం. చండీగఢ్, సూరత్ వంటి చోట్ల కొన్ని ఇళ్లు అలా వాడకంలోకి వచ్చాయి. మొత్తం మీద జరిగింది మాత్రం అనుకున్నదానిలో కొద్ది వంతే. ప్రభుత్వం చేయగలిగినది ప్రభుత్వం చేయాలి. కాని గౌలిగూడలో కొయ్య మెట్ల మీది తాళం ప్రభుత్వానిది కాదు. దాని తాళంచెవి మనలో ఎవరో ఒకరి బీరువాలో ఉంది.

నాలుగు వస్తువులు చాలు

రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలో షూనేము ఊరి స్త్రీ ఒకామె కనబడుతుంది. ఎలీషా ఆ దారిన వస్తూ పోతూ ఉండటం చూసి, మొదట భోజనం పెట్టింది. తర్వాత భర్తతో మాట్లాడి, గోడమీద చిన్న గది కట్టించింది. ఆ గదిలో ఏమేమి ఉంచిందో పరిశుద్ధాత్మ దేవుడు లెక్కపెట్టి రాయించాడు. మంచం, బల్ల, కూర్చోవడానికి పీట, దీపం.

ఈ నాలుగు వస్తువుల పట్టికను తేలిగ్గా దాటిపోతుంటాం. ఆగి ఆలోచించండి. మంచం అలసినవాడికి. బల్ల, దీపం చదువుకునేవాడికి. పీట, ఎవరైనా వస్తే కూర్చోబెట్టి మాట్లాడటానికి. అంటే ఆమె ఇచ్చింది కేవలం పడక కాదు, మనిషిగా బ్రతకడానికి కావలసిన చోటు. పైగా గది మిద్దెమీద, కుటుంబం నడుమ కాదు. వచ్చినవాడికి మర్యాద, ఇంటివాళ్లకు ఏకాంతం రెండూ నిలిచాయి. నేడు పట్టణ గృహనిర్మాణం గురించి పుస్తకాలు రాసేవాళ్లు చెప్పేది కూడా ఇదే. గది చిన్నదైనా తలుపు వేరుగా ఉండాలి, వెలుతురు ఉండాలి.

ఇంకొకటి. ఆమె ముందు భర్తను అడిగింది. ఇంట్లోవాళ్ల సమ్మతి లేకుండా చేసిన ఆతిథ్యం ఎక్కువ రోజులు నిలవదు.

మరి అద్దె తీసుకోవచ్చా? కొందరు విశ్వాసులకు ఈ అనుమానం ఉంది. అపొస్తలుల కార్యముల గ్రంథం చివరి అధ్యాయం 30వ వచనం చదవండి. పౌలు రోమాలో రెండు సంవత్సరాలు అద్దె ఇంటిలో ఉండి, తన దగ్గరకు వచ్చినవారినందరినీ చేర్చుకున్నాడు. ఆ ఇంటి యజమాని పేరు మనకు తెలియదు. బంధకాల్లో ఉన్న ఒక ఖైదీకి ఇల్లు అద్దెకిచ్చాడు, సువార్త ఆ గడప మీదుగా ముందుకు వెళ్లింది. న్యాయమైన అద్దె తీసుకోవడం పాపం కాదు. ఇచ్చేవాడికి గౌరవం, ఉండేవాడికి ఆత్మగౌరవం. పాపమల్లా అవసరాన్ని చూసి పిండుకోవడం.

వెస్లీ తీసుకున్న రెండు చిన్న ఇళ్లు

మన సంఘచరిత్రలోనూ దీనికి సాక్ష్యం ఉంది. 1740లలో లండన్‌లో జాన్ వెస్లీ, విధవరాండ్రు చలికి, ఆకలికి పడుతున్న పాట్లు చూసి, కొత్త భవనం కోసం చందాలు పోగుచేస్తూ కూర్చోలేదు. దగ్గర్లో ఉన్న రెండు చిన్న ఇళ్లను లీజుకు తీసుకొని, బాగుచేయించి, వాళ్లను అందులో ఉంచాడు. కొంతకాలానికి అక్కడ తొమ్మిదిమంది విధవరాండ్రు, ఒక అంధురాలు, ఇద్దరు పేద పిల్లలు ఉన్నారని ఆయనే రాసుకున్నాడు. మనల్ని నిలదీసే సంగతి మరొకటుంది. ఊళ్లో ఉన్నప్పుడు వెస్లీ, ఆయన తోటి బోధకులు అదే ఇంట్లో, అదే బల్ల దగ్గర, ఆ విధవరాండ్రు తినే అన్నమే తిన్నారు. సహాయం చేసే చేయి, సహాయం పొందే చేయి ఒకే గిన్నెలో పడ్డాయి.

అదే లండన్‌లో 1865లో ఆక్టేవియా హిల్ అనే క్రైస్తవ వనిత, రచయిత జాన్ రస్కిన్ కొని ఇచ్చిన మూడు పాడుబడిన ఇళ్లతో పని మొదలుపెట్టింది. మరమ్మతు చేయించి పేదలకు అద్దెకిచ్చింది. వారం వారం అద్దె వసూలుకు తానే వెళ్లేది. వెళ్లినప్పుడల్లా కారే కప్పునూ, పగిలిన కిటికీనీ, జబ్బుపడ్డ పిల్లవాణ్నీ చూసేది. పెట్టుబడి మీద నూటికి ఐదు చొప్పున రాబడి కూడా చూపించింది. ధర్మమూ లెక్కాపత్రమూ ఒకే పుస్తకంలో ఇమడగలవని ఆమె నిరూపించింది.

మన తెలుగునేలకూ ఈ పరిచర్యలో వాటా ఉంది. ప్రపంచమంతటా పేదలకు ఇళ్లు కట్టడంలో సాయపడుతున్న హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే క్రైస్తవ సంస్థ, భారతదేశంలో తన పనిని 1983లో మొదలుపెట్టింది మన ఖమ్మంలోనే.

గౌలిగూడ నేర్పిన రెండు పాఠాలు

దూరం ఎందుకు, మా పేటే ఒక పాఠ్యపుస్తకం. పాలు అమ్ముకునే గౌలీల పేరుమీద ఏర్పడిన ఈ గూడెం, నిరాశ్రయులను చూడటం కొత్తకాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఈ చుట్టుపక్కల వేలాది ఇళ్లను తుడిచిపెట్టింది. ఆ తర్వాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఇరుకు వాడలను బాగుచేసే పని చేపట్టింది.

మా పేటలో అందరికీ తెలిసిన కట్టడం గౌలిగూడ బస్‌స్టేషన్. అది మొదట బస్సుల కోసం కట్టింది కాదు, విమానాల కోసం నిలబెట్టిన పెద్ద ఇనుప షెడ్డు. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించినప్పుడు ఆ షెడ్డును బస్సులకిచ్చారు. ఒక పనికి కట్టింది మరో పనికి పనికొచ్చి, ఎన్ని తరాల ప్రయాణికులకు నీడనిచ్చిందో. 1994లో దూరప్రాంతపు బస్సులు ఇమ్లీబన్‌కు తరలిపోయాక కూడా సిటీ బస్సులకు అదే గూడు. చివరకు 2018 జూలైలో ఆ షెడ్డు కుప్పకూలింది. ముందుగానే ప్రమాదం పసిగట్టి బస్సులను, మనుషులను తప్పించారు కనుక దేవుని దయవల్ల ప్రాణనష్టం జరగలేదు.

రెండోది కోఠిలోని రెసిడెన్సీ భవనం. బ్రిటిష్ రెసిడెంట్ నివాసంగా 19వ శతాబ్దం మొదట్లో కట్టిన ఆ మేడ, తెల్లవాళ్లు వెళ్లిపోయాక 1949లో మహిళా కళాశాల అయింది. ఒక్కడి దర్పం కోసం లేచిన స్తంభాల మధ్య వేలమంది ఆడపిల్లలు చదువుకున్నారు. నేడది చాకలి ఐలమ్మ పేర మహిళా విశ్వవిద్యాలయం.

ఈ రెండూ చెప్పే మాట ఒకటే. కట్టడం ఎవరి కోసం లేచిందన్నది కాదు, ఎవరికి తెరిచామన్నది ముఖ్యం. షెడ్డు చెప్పే మాట ఇంకొకటి. తెరిచినంత మాత్రాన చాలదు, కాపాడాలి. తన ఇంటి మిద్దెకు పిట్టగోడ కట్టించుకోమని, లేకపోతే పడినవాడి రక్తం ఇంటిమీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండం 22:8లో దేవుడు ఆజ్ఞాపించాడు. పాత ఇంటిని పేదలకు ఇస్తున్నాం కదా అని ఊగే మెట్లు, తేలిన కరెంటు తీగలు అలాగే ఉంచితే అది ధర్మం కాదు.

మేము తప్పిన చోట

ఇంత చెప్పి, మేము చేసింది చెప్పకపోతే అది వేషధారణ అవుతుంది.

కొన్నేళ్ల క్రితం మా సంఘంలోని ఒక పెద్దావిడ ఇంటి పైభాగం ఖాళీగా ఉండేది. భర్త ప్రభువునందు నిద్రించాడు, పిల్లలు విదేశాల్లో. మేము వెళ్లి అడిగినప్పుడు ఆమె, “అయ్యగారూ, ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. రేపు వాళ్లు ఖాళీ చేయమంటే చేయకపోతే? ఈ వయసులో నేను కోర్టుల చుట్టూ తిరగగలనా?” అంది. “విశ్వాసముంచండమ్మా, మేమున్నాం కదా” అన్నాం. కాగితం లేదు, రసీదు లేదు. ఒక కుటుంబాన్ని దింపాం. వాళ్లు చెడ్డవాళ్లు కారు. పని పోయింది, అద్దె ఆగింది. అడగడానికి ఆమెకు మొహమాటం, చెప్పుకోవడానికి వాళ్లకు సిగ్గు. ఆరు నెలలకు మాటలు ఆగిపోయాయి. ఒకే బల్లలో పాలుపొందేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసింది, దాంతోపాటు సంఘాన్నీ వదిలిపోయింది. తప్పు ఆమెది కాదు, వాళ్లదీ కాదు. విశ్వాసం అనే మాటను లెక్కాపత్రం లేకపోవడానికి ముసుగుగా వాడిన మాది.

రెండో తప్పు అంతకన్నా పెద్దది. మరో విశ్వాసి ఇంట్లో గది చూడటానికి నర్సింగ్ చదివే అమ్మాయిని తీసుకెళ్లాం. అన్నీ కుదిరాయి. చివర్లో ఇంటాయన మమ్మల్ని పక్కకు పిలిచి, “అయ్యగారూ, ఆ పిల్ల వాళ్లెవరండీ?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు అర్థం తెలుగువాడికెవడికీ విప్పి చెప్పనక్కర్లేదు. మేము ఆయనను గద్దించవలసింది. గద్దించలేదు. “మళ్లీ మాట్లాడదాం” అని వచ్చేశాం. మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి, “వద్దులెండి అయ్యగారూ, మాకిది అలవాటే” అంది. ఆ మాట ఈ రోజుకీ మా చెవుల్లో ఉంది.

కులం, మతం చూసి ఇల్లు ఇవ్వకపోవడం మన ఊరి జబ్బు మాత్రమే కాదు. సుఖదేవ్ థోరాట్ బృందం దేశ రాజధాని ప్రాంతంలో చేసిన పరిశీలన 2015లో అచ్చయింది. దళితులకు, ముస్లింలకు అద్దె ఇల్లు దొరకడం మిగతావాళ్లకన్నా ఎంత కష్టమో అది బయటపెట్టింది. బయటివాళ్ల సంగతి సరే. బాప్తిస్మం పొందినవాడి నోట ఈ ప్రశ్న వస్తే, సత్రంలో స్థలం లేదని మరియ యోసేపులను తిప్పి పంపినవాళ్లకూ మనకూ తేడా ఏముంది? మత్తయి 25లో ప్రభువు తానే పరదేశినని చెప్పాడు. ఆయన్ను చేర్చుకునే ముందు “మీవాళ్లెవరు?” అని అడుగుతామా?

ఎలా మొదలుపెట్టాలి?

ఆ రెండు తప్పుల తర్వాత మేము నేర్చుకున్న పద్ధతిని సాటి సంఘాల మేలు కోసం రాస్తున్నాం.

మొదట, ఇంటి యజమానిత్వం స్పష్టంగా ఉండాలి. వాటాల తగాదా ఉన్న ఇంటి జోలికి పోకూడదు. ముందు ఆ అన్నదమ్ములను సమాధానపరచాలి, అది కూడా పరిచర్యే.

రెండవది, కాగితం ఉండాలి. మన ఊళ్లో సాధారణంగా 11 నెలల ఒప్పందం రాసుకుంటారు. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం గురించి ఓనర్లకు ఉన్న భయాలను తీసివేయక, ఒక న్యాయవాదిని కూర్చోబెట్టి తీర్చాలి. 2021లో కేంద్రం ఆమోదించి రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం, నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంటుంది. చట్టం వచ్చినా రాకపోయినా అది మనం పాటించదగిన న్యాయం.

మూడవది, పూచీ. ఇంటావిడకూ ఉండేవాళ్లకూ నడుమ సంఘపెద్దలు ఇద్దరు నిలబడాలి. అద్దె ఒక నెల ఆగితే రెండో నెలలోనే కూర్చొని మాట్లాడాలి. పని పోయినవాళ్లకు రెండు మూడు నెలలు ఆదుకునేలా కానుకల్లోంచి చిన్న నిధి పక్కన పెట్టాలి.

నాలుగవది, మరమ్మతు. తాళం తీసే ముందే మేస్త్రీని, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. మెట్లు, పిట్టగోడ, వైరింగు, నీళ్లు, మరుగుదొడ్డి. ఆడపిల్లలుంటే లోపల గడియ, బయట దీపం.

అయిదవది, కలిసి ఉండే ఇంటికి కట్టుబాట్లు. వంటగది వంతులు, కరెంటు బిల్లు వాటా, రాత్రి తలుపు వేసే వేళ. ఇవి గోడమీద రాసి ఉంటే సగం తగాదాలు పుట్టవు. గదికి ఇద్దరికి మించకూడదు. ఇరుకు తీర్చడానికి తెరిచిన ఇంటిని మళ్లీ ఇరుకు చేయకూడదు.

ఆరవది, వచ్చేవాడి కులం, మతం అడగకూడదు. పోలీసు వెరిఫికేషన్‌కు కావలసిన వివరాలు చాలు. ప్రార్థనకు రమ్మని షరతు పెట్టకూడదు. అవసరాన్ని ఎరగా చూపి సువార్త చెప్పడం సువార్తకే అవమానం.

ఇలా కాగితం రాసుకొని, ఆ పెద్దావిడనే మళ్లీ అడిగాం. వెంటనే ఒప్పుకోలేదు. వారం రోజులు ప్రార్థన చేసుకొని కబురు పంపింది. ఆమె పై గదుల్లోకి నలుగురు ఆడపిల్లలు వచ్చారు. అందులో ఒకామె, ఆనాడు మెట్లు దిగి వచ్చేసిన ఆ నర్సింగ్ విద్యార్థినే. ఆ చలికాలం ఒక రాత్రి పెద్దావిడకు ఊపిరాడలేదు. పైనుంచి దిగివచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ అమ్మాయే. తర్వాత మేము పరామర్శకు వెళితే ఆమె, “అయ్యగారూ, నేనే వాళ్లకు చోటిచ్చాననుకున్నాను” అని ఊరుకుంది. మిగతాది కళ్లు చెప్పాయి.

మన కాంపౌండ్ల సంగతి

విశ్వాసుల ఇళ్ల సంగతి సరే, మన సంఘాల ఆస్తుల మాటేమిటి? మిషనరీలు విడిచివెళ్లిన బంగళాలు, మూతపడిన హాస్టళ్లు, ఖాళీ క్వార్టర్లు ఎన్ని పట్టణాల్లో పాడుబడుతున్నాయో మనందరికీ తెలుసు. కొన్ని వ్యాజ్యాల్లో, కొన్ని కమిటీల తగాదాల్లో. వాటిని కట్టినవాళ్లు తమ దేశాల్లో విధవరాండ్రు వేసిన చిల్లర కానుకలతో కట్టారు. హగ్గయి ప్రవక్త మందిరం పాడైవుండగా పలకలు పరచిన ఇళ్లలో ఉన్నవారిని గద్దించాడు. నేడు మందిరాలకు గ్రానైటు పరుస్తున్నాం, పక్కనున్న గదులకు తాళాలు వేస్తున్నాం. ఆయన వస్తే ఏమంటాడు?

2025 జనవరిలో మా పక్కనే గోషామహల్‌లో ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు శంకుస్థాపన జరిగింది. రేపు అది పూర్తయితే, రోగుల వెంట వచ్చేవాళ్లు మన గుమ్మాల ముందే ఉంటారు. అప్పుడు ఆలోచిద్దామంటే ఆలస్యమవుతుంది. చుట్టుపక్కల సంఘాలు ఒక్కొక్కటి ఒక్క గది తెరిచినా చాలు.

ఇల్లు తిరిగి పొందిన స్త్రీ

షూనేమీయురాలి కథ మిద్దె గదితో ముగియలేదు. రాజుల రెండవ గ్రంథం 8వ అధ్యాయంలో ఆమె మళ్లీ కనబడుతుంది. కరువు రాబోతోందని ప్రవక్త చెప్పగా ఆమె ఏడేళ్లు ఫిలిష్తీయుల దేశంలో పరదేశిగా బ్రతికింది. తిరిగి వచ్చేసరికి ఇల్లూ పొలమూ పోయాయి. ఒకప్పుడు గది ఇచ్చిన చేతులు ఇప్పుడు రాజు ఎదుట చాచుకొని నిలబడ్డాయి. ఆ క్షణానికే గేహజీ రాజుకు ఆమె గురించి చెబుతూ ఉన్నాడు. రాజు ఆమె ఇంటినీ పొలాన్నీ, ఇన్నేళ్ల పంటతో సహా తిరిగి ఇప్పించాడు.

దీన్ని లాభం లెక్కగా చదవకండి. గది ఇస్తే దేవుడు బంగళా ఇస్తాడని మేము చెప్పడం లేదు. ఇల్లున్నవాళ్లకూ లేనివాళ్లకూ నడుమ ఒక్క కరువే అడ్డమని ఈ కథ చెబుతోంది. భూమి తనదనీ, మనమందరం తన యొద్ద పరదేశులమనీ లేవీయకాండం 25:23లో దేవుడు చెప్పిన మాట మనందరి పట్టాల మీద కనబడని అక్షరాలతో రాసి ఉంది.

ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టి, దిక్కులేనివాణ్ని ఇంట చేర్చుకునేవాళ్లకు యెషయా 58వ అధ్యాయం 12వ వచనంలో దేవుడు ఒక బిరుదు ఇచ్చాడు. పడిపోయిన గోడలను బాగుచేసేవారు, దేశంలో నివసించడానికి దారులను సరిచేసేవారు అన్నది దాని భావం. సంఘం కోరుకోదగిన బిరుదు ఇంతకన్నా ఏముంది?

ఈ ఆదివారం ఆరాధన ముగించుకొని ఇంటికి వెళ్లాక బీరువా తెరవండి. వాడని తాళంచెవి ఏదైనా ఉంటే బయటికి తీయండి. ఇంట్లోవాళ్లతో కూర్చొని, షూనేమీయురాలిలా మాట్లాడండి. ఆ గదిలో మంచం, బల్ల, పీట, దీపం పట్టే చోటుందేమో కొలిచి చూడండి. తలదాచుకోవడానికి చోటు లేక మన మధ్య తిరిగిన ప్రభువు ఆ తలుపు తెరిచే ధైర్యాన్ని మీకూ మాకూ అనుగ్రహించును గాక. ఆమేన్.